కారులో కొత్త మ్యూజిక్ సిస్టమ్ పెట్టిస్తున్నారా? ముందు కరెంటు లైను సంగతి తెలుసుకోండి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లే దారిలో రోజూ వందల సినిమా బండ్లు తిరుగుతుంటాయి. రామానాయుడు స్టూడియోస్ చుట్టుపక్కల, ఫిల్మ్ ఛాంబర్ పరిసరాల్లో యూనిట్ వ్యాన్లు, కారవాన్‌లు, ట్రావెల్స్ ఇన్నోవాలు గంటల తరబడి ఆగి ఉంటాయి. పక్కనే ఉన్న షేక్‌పేట, టోలిచౌకి కుటుంబాల కార్లు కూడా అదే రోడ్ల మీద నడుస్తాయి. వీటిలో చాలా బండ్లలో కంపెనీ ఇచ్చిన రేడియో తీసేసి ఆండ్రాయిడ్ స్టీరియో, యాంప్లిఫైయర్, సబ్‌వూఫర్ పెట్టించుకుంటారు. వెనక సీట్లో పిల్లలకు తెరలు, ముందు అద్దానికి డాష్‌క్యామ్ కూడా ఇప్పుడు మామూలైపోయాయి.

వస్తువు కొనేటప్పుడు బ్రాండు, ధర, సౌండు అన్నీ చూస్తాం. దానికి బ్యాటరీ నుంచి కరెంటు ఎలా వస్తోంది అన్నది మాత్రం చాలామంది అడగరు. నిప్పు పుట్టేది సరిగ్గా అక్కడే. కారు కాలిపోతే పోయేది స్టీరియో ఒక్కటే కాదు, అందులో కూర్చున్నది మన పిల్లలు, మన పెద్దలు. అందుకే ఈ పని ఉస్తాద్‌కు అప్పగించే ముందు ఇంట్లో ఒకరికైనా ఈ విషయాలు తెలిసి ఉండాలి.

12 వోల్టులే కదా అనుకోవద్దు

ఇంట్లో 230 వోల్టుల కరెంటు ముట్టుకుంటే షాక్ కొడుతుంది. కారు బ్యాటరీ 12 వోల్టులే కాబట్టి చేతితో ముట్టుకున్నా ఏమీ కాదు. దీంతో కారు కరెంటు ప్రమాదం లేనిదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇక్కడ భయపడాల్సింది షాక్‌కు కాదు, వేడికి.

కారు బ్యాటరీ ఇంజన్ స్టార్ట్ చేయడం కోసం తయారైంది. ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ప్లస్ వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి కారు బాడీకి తగిలితే ఆ వందల ఆంపియర్లూ ఆ వైరులో పరుగెడతాయి. వైరు కొన్ని సెకన్లలో ఎర్రగా కాలుతుంది. పైనున్న ప్లాస్టిక్, దాని కింద ఉన్న కార్పెట్, సీటు ఫోమ్ అంటుకుంటాయి. దీన్ని ఆపగలిగేది ఒక్కటే, సరైన చోట పెట్టిన సరైన ఫ్యూజు.

డబ్బా మీద వాట్లు, అసలు వాట్లు

యాంప్లిఫైయర్ డబ్బా మీద 3000 వాట్లు, 5000 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకెను పట్టించుకోవద్దు. నిలకడగా ఇచ్చే శక్తిని ఆర్‌ఎంఎస్ వాట్లు అంటారు, లెక్కకు అదే ముఖ్యం. అది కూడా అనుమానంగా ఉంటే యాంప్లిఫైయర్ పక్కన ఉండే ఫ్యూజులు చూడండి. 25 ఆంపియర్ల ఫ్యూజులు రెండు ఉంటే అది లాగేది గరిష్ఠంగా 50 ఆంపియర్లే. 13.8 వోల్టుల దగ్గర అది 690 వాట్లు. అందులో కొంత వేడిగా పోగా స్పీకర్లకు చేరేది 550 వాట్ల దాకా ఉంటుంది. డబ్బా మీద 5000 అని రాసినా సంగతి ఇంతే.

లెక్క కష్టమేమీ కాదు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉన్న డి క్లాస్ యాంప్లిఫైయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుందాం. అది బ్యాటరీ వైపు నుంచి దాదాపు 625 వాట్లు లాగుతుంది. 625ను 13.8తో భాగిస్తే 45 ఆంపియర్లు. ఇంట్లో గీజర్ లాగే కరెంటుకు ఇది నాలుగైదు రెట్లు.

వైరు ఎంత లావు ఉండాలి?

ఈ 45 ఆంపియర్లను బ్యాటరీ నుంచి డిక్కీ దాకా, అంటే సుమారు 5 మీటర్లు తీసుకెళ్లాలి. ఇంటి ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో ఆ పని చేస్తే దారిలోనే ఒకటిన్నర వోల్టు పోతుంది. ఆ పోయినదంతా వేడిగా మారుతుంది, 70 వాట్ల పైనే. అంటే కార్పెట్ కింద వేడెక్కిన ఒక సోల్డరింగ్ ఐరన్‌ను ఉంచినట్టే. అదే 16 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది పావు వోల్టు, పుట్టే వేడి 11 వాట్లు. అదీ మొత్తం 5 మీటర్ల పొడవునా పంచుకుంటుంది కాబట్టి చేతికి కూడా తెలియదు.

5 మీటర్ల దూరానికి రాగి వైరు సుమారుగా ఇలా ఉంటే నిశ్చింత:

- 15 ఆంపియర్ల దాకా: 4 చదరపు మిల్లీమీటర్లు
- 30 ఆంపియర్ల దాకా: 6 నుంచి 10 చదరపు మిల్లీమీటర్లు
- 50 ఆంపియర్ల దాకా: 16 చదరపు మిల్లీమీటర్లు
- 80 ఆంపియర్ల దాకా: 25 చదరపు మిల్లీమీటర్లు

కార్ ఆడియో షాపుల్లో గేజ్ లెక్క చెబుతారు. 8 గేజ్ అంటే సుమారు 8 చదరపు మిల్లీమీటర్లు, 4 గేజ్ అంటే సుమారు 21. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక మోసం ఉంది. చౌక కిట్లలో వచ్చే వైరు చూడ్డానికి లావుగా ఉంటుంది గానీ లోపల లోహం సన్నగా, పైన ప్లాస్టిక్ మందంగా ఉంటుంది. ఆ లోహం కూడా చాలాసార్లు అసలు రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. అల్యూమినియం కరెంటును మోసే శక్తి రాగిలో 61 శాతమే. ఒక పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది పూత వైరు. అలాంటిది వాడక తప్పకపోతే ఒక సైజు లావుది తీసుకోవాలి. వీలైతే అసలు రాగిదే అడిగి కొనడం మేలు.

ఫ్యూజు కాపాడేది వైరును

యాంప్లిఫైయర్‌లోనే ఫ్యూజు ఉంది కదా, మళ్లీ ఎందుకు అని కొందరు అడుగుతారు. యాంప్లిఫైయర్‌లో ఉన్న ఫ్యూజు యాంప్లిఫైయర్‌ను మాత్రమే కాపాడుతుంది. బ్యాటరీ నుంచి దాని దాకా వచ్చే 5 మీటర్ల వైరుకు దాని వల్ల ఏ రక్షణా లేదు. మధ్యలో వైరు బాడీకి తగిలితే కరెంటు ఆ ఫ్యూజు దాకా వెళ్లదు, అక్కడే నిప్పు పుడుతుంది.

అందుకే ప్రధాన ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అంటే జానెడున్నర, రెండు జానల దూరం. ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఫ్యూజుకు, బ్యాటరీకి మధ్య ఉన్న ముక్కకు రక్షణ ఉండదు కాబట్టి ఆ ముక్క చిన్నదిగా ఉండాలి, పైన గొట్టం తొడగాలి.

ఫ్యూజు విలువ వైరు మోయగలిగే కరెంటును మించకూడదు. 45 ఆంపియర్లు లాగే యాంప్లిఫైయర్‌కు 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 50 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు పోతోందని 100 ఆంపియర్లది వేయడం, లేదా సిగరెట్ డబ్బా రేకు, రాగి తీగ చుట్టడం అంటే కాపలావాణ్ని ఇంటికి పంపేసి తలుపు తెరిచి పడుకోవడమే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే లైనులో ఎక్కడో తేడా ఉందని అర్థం. ఆ తేడా వెతకాలి. ఒకే లైను నుంచి రెండు యాంప్లిఫైయర్లకు సన్న వైర్లు చీలిస్తే, చీలిన ప్రతి వైరుకూ విడిగా ఫ్యూజు ఉండాలి.

వైరు వేసే దారి

ఇంజన్ గదికి, కారు లోపలికి మధ్య ఇనుప గోడ ఉంటుంది. దానికి రంధ్రం చేసి వైరును అలాగే లాగితే ఆ రంధ్రం అంచు కత్తిలా పనిచేస్తుంది. గుంతల రోడ్ల మీద బండి ఊగినప్పుడల్లా అంచు ప్లాస్టిక్‌ను కొస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో లోపలి రాగి బయటపడుతుంది. రంధ్రానికి తప్పనిసరిగా రబ్బరు బుష్ వేయాలి. కంపెనీ ఇచ్చిన రబ్బరు దారి ఖాళీగా ఉంటే దాన్నే వాడాలి.

- ఇంజన్ గదిలో వైరుకు మురీ గొట్టం తొడగాలి. సైలెన్సర్ వైపు, బెల్టుల వైపు, స్టీరింగ్ రాడ్ల వైపు పోకుండా ప్రతి 20, 30 సెంటీమీటర్లకు టై వేయాలి. గొట్టం ఉంటే ఎలుకలు కొరికే భయం కూడా తగ్గుతుంది.
- లోపల తలుపు గడపల ప్లాస్టిక్ పట్టీల కింద నుంచి తీసుకెళ్లాలి. సీటు పట్టాల కింద, సీటు జరిగే చోట వేయకూడదు.
- కరెంటు వైరు ఒక పక్క నుంచి వెళ్తే సౌండు సిగ్నల్ వైర్లు ఇంకో పక్క నుంచి వెళ్లాలి. లేకపోతే స్పీకర్లలో ఇంజన్ గుయ్‌మనే మోత వస్తుంది.
- పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు వైర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటిని ముట్టుకోవద్దు, వాటికి కట్టవద్దు.
- హైదరాబాద్ వానలకు పల్లం రోడ్లలో కార్ల లోపలికి నీళ్లు వస్తాయి. ముందు సీటు కింద యాంప్లిఫైయర్ పెడితే దాన్ని నేల నుంచి కాస్త ఎత్తులో బిగించాలి.

ఎర్త్ సరిగ్గా లేకపోతే

ప్లస్ వైరుకు ఎంత ఖర్చు పెడతారో మైనస్ వైరుకూ అంతే పెట్టాలి. రెండూ ఒకే లావు ఉండాలి. ఎర్త్ వైరు పొడవు 45 సెంటీమీటర్లు దాటకుండా, దగ్గర్లోని గట్టి బాడీ రేకుకు బోల్టు వేయాలి. బోల్టు వేసే చోట పెయింటు గీకి ఇనుము కనబడేలా చేయాలి. బిగించాక తుప్పు పట్టకుండా పైన గ్రీజు గానీ పెయింటు గానీ రాయాలి.

సీటు బెల్టు బోల్టుకు ఎర్త్ కట్టడం కొన్ని చోట్ల కనిపిస్తుంది. ఆ బోల్టు ప్రాణం కాపాడేది, దాన్ని కదిలించకూడదు. కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇంజన్ దానంతటదే ఆగిపోయే కార్లలో ఇది సాధారణం. అలాంటి బండిలో ఎర్త్‌ను నేరుగా మైనస్ టెర్మినల్‌కు కడితే సెన్సర్ లెక్క తప్పుతుంది. బాడీకే కట్టాలి.

స్టీరియో వెనక రంగు వైర్లు

బయట దొరికే స్టీరియోల్లో రంగులు దాదాపు ఒకేలా ఉంటాయి. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైను, సమయం, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి. ఎరుపు వైరు తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే లైను. నలుపు ఎర్త్. తెల్ల గీత ఉన్న నీలం వైరు యాంప్లిఫైయర్‌ను ఆన్ చేసే సంకేతం. ఈ నీలం వైరు చాలా తక్కువ కరెంటు మాత్రమే ఇవ్వగలదు. దానికి ఫ్యాన్లు, లైట్లు కడితే స్టీరియో కాలిపోతుంది. అలాంటివి కావాలంటే మధ్యలో రిలే పెట్టాలి.

పని త్వరగా అవుతుందని కొందరు పసుపు, ఎరుపు రెండూ కలిపి ఒకే చోట కట్టేస్తారు. స్టీరియో పనిచేస్తుంది, కానీ బండి ఆపినా పూర్తిగా నిద్రపోదు. అర ఆంపియర్ లాగుతూ ఉన్నా 45 ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు రోజుల్లో సగానికి పడిపోతుంది. ఉమ్రాకు వెళ్లి పదిహేను రోజుల తర్వాత ఇంటికొచ్చిన కుటుంబానికి కారు స్టార్ట్ కాకపోవడానికి ఇలాంటి కనెక్షనే కారణం కావచ్చు. మామూలుగా తాళం వేసిన కారు 50 మిల్లీ ఆంపియర్ల కంటే తక్కువే లాగాలి. పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డాష్‌క్యామ్ ఉంటే, బ్యాటరీ వోల్టేజీ పడిపోగానే దానంతటదే ఆగే కట్టాఫ్ కిట్‌తోనే పెట్టించాలి. ఎక్కువ రోజులు ఊరెళ్లేటప్పుడు మైనస్ టెర్మినల్ విప్పేస్తే ఇంకా నిశ్చింత.

కంపెనీ వైర్లు కోయనివ్వద్దు. మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ మార్కెట్లో దొరుకుతుంది. కోఠి, రాణిగంజ్ వైపు దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. కప్లర్‌తో పెడితే రేపు మళ్లీ పాత రేడియో పెట్టుకోవచ్చు, వారంటీ గొడవ కూడా తగ్గుతుంది. జాయింట్లకు వైరు మెలిపెట్టి టేపు చుట్టడం చాలదు. మే నెల ఎండలో మూసి ఉన్న కారులో టేపు జిగురు కారిపోయి ఊడిపోతుంది. లగ్ వేసి క్రింప్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగాలి.

లైటర్ సాకెట్‌తో జాగ్రత్త

సిగరెట్ లైటర్ సాకెట్‌కు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అంటే 120 నుంచి 180 వాట్ల దాకానే. ఫోన్ ఛార్జర్, పిల్లల తెర, చిన్న కూలర్ అన్నీ ఒకే సాకెట్‌కు స్ప్లిటర్‌తో తగిలిస్తే పిన్ను వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. 300 వాట్ల ఇన్వర్టర్ దానికి పెట్టకూడదు, అది బ్యాటరీ నుంచి విడి ఫ్యూజు లైనుతో రావాలి.

షూటింగ్ బండ్లు, కారవాన్‌లు, ఆటోలు

స్టూడియో బయట ఇంజన్ ఆపి పాటలు వింటూ కూర్చునే డ్రైవర్లు గుర్తుంచుకోవాల్సింది ఇది. స్టీరియో, యాంప్లిఫైయర్ కలిపి సగటున 10 ఆంపియర్లు లాగినా రెండు గంటల్లో బ్యాటరీ సగం అయిపోతుంది. సార్ బయటకొచ్చే సమయానికి బండి లేవదు.

పెద్ద బస్సులు, లారీలు, వాటి మీద కట్టిన కారవాన్‌లలో చాలావాటికి 24 వోల్టులు ఉంటాయి, అంటే రెండు బ్యాటరీలు వరసగా. 12 వోల్టుల స్టీరియోను అందులో ఒక్క బ్యాటరీకి కడితే ఒకటి ఎండిపోతుంది, రెండోది అతిగా ఛార్జ్ అయి పాడవుతుంది. 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ వాడాలి. జనరేటర్‌తో 230 వోల్టులు వచ్చే కారవాన్‌లలో ఏసీ, టీవీ లైన్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. అది కార్ ఉస్తాద్ పని కాదు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని.

సీఎన్‌జీ కార్లు, ఆటోలలో గ్యాస్ పైపుల దగ్గర, సిలిండర్ వాల్వ్ దగ్గర వైరు జాయింట్ ఉండకూడదు. పని మొదలుపెట్టే ముందు వాల్వ్ మూసేయాలి. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు వందల వోల్టులవి, ముట్టుకుంటే ప్రాణాంతకం. అలాంటి కారులో స్టీరియో మార్చాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడిగే చేయించాలి.

ఆల్టర్నేటర్ తట్టుకుంటుందా?

నడుస్తున్న కారులో కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. చాలా చిన్న కార్లలో అది 60 నుంచి 90 ఆంపియర్ల దాకా ఇస్తుంది. ట్రాఫిక్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంకా తగ్గుతుంది. అందులోనే ఏసీ ఫ్యాను, హెడ్‌లైట్లు, పెట్రోల్ పంపు, ఇంజన్ కంప్యూటర్ బతకాలి. సబ్‌వూఫర్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారితే లోడు ఎక్కువైందనో, ఎర్త్ వదులైందనో అర్థం. చిన్న కారుకు 300 నుంచి 500 వాట్ల ఆర్‌ఎంఎస్ దాటకపోవడం మంచిది.

బీమా, చట్టం

భారత మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ ఉంది. కారు ధరలో లేని ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువులకు దీనితో బీమా వస్తుంది. 2002 టారిఫ్ ప్రకారం వస్తువు విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. 20,000 రూపాయల సిస్టమ్‌కు 800 రూపాయలన్నమాట. ఇప్పటి రేటు మీ బీమా కంపెనీని అడగండి. చెప్పకుండా పెట్టించి, తర్వాత కారు కాలితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడాల్సి వస్తుంది. అందుకే జీఎస్‌టీ బిల్లు తప్పక తీసుకుని, దాని కాపీ బీమా కంపెనీకి పంపాలి.

ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. జూబ్లీహిల్స్‌లో అపోలో లాంటి పెద్ద ఆసుపత్రులున్నాయి. బారాత్ కారైనా సరే అక్కడ వాల్యూమ్ తగ్గించడం చట్టం కూడా, మర్యాద కూడా.

పని చేయించేటప్పుడు చూడాల్సినవి

1. మొదట బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పాలి, చివర్లో అదే బిగించాలి. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి మెరుపు వస్తుంది.
2. ప్రధాన ఫ్యూజు ఎక్కడ పెట్టారు, ఎన్ని ఆంపియర్లు అని అడిగి ఫోటో తీసుకోవాలి.
3. గోడ రంధ్రంలో రబ్బరు బుష్ ఉందో లేదో కళ్లతో చూడాలి.
4. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. పాట గట్టిగా వేసినప్పుడు యాంప్లిఫైయర్ దగ్గర అది అర వోల్టు కంటే ఎక్కువ తగ్గకూడదు.
5. అరగంట వాయించాక వైరును, ఫ్యూజు హోల్డర్‌ను, లగ్గులను చేతితో తాకి చూడాలి. వేడిగా ఉంటే పని మళ్లీ చేయించాలి.
6. నెల తర్వాత ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి నట్లు బిగించి చూపించుకోవాలి.

పొగ వాసన వస్తే

ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చిందంటే తర్వాత చూద్దాం అనుకోవద్దు. బండి పక్కకు ఆపి ఇంజన్ కట్టేసి, ముందు పిల్లల్ని, పెద్దల్ని దించండి. సామాన్ల కోసం మళ్లీ లోపలికి వెళ్లొద్దు. కనీసం 30 మీటర్ల దూరం జరిగి 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. బానెట్ నుంచి పొగ వస్తుంటే దాన్ని పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి మంట ఎగుస్తుంది. డ్రైవర్ సీటు దగ్గర ఒక కిలో ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్, అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఉంచుకోవాలి. అవి ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

మంచి ఉస్తాద్ ఈ ప్రశ్నలకు విసుక్కోడు, చూపించి మరీ చెబుతాడు. ఫ్యూజు, రబ్బరు బుష్, రెండు లగ్గులు కలిపినా ఖర్చు కొన్ని వందలే. వాటిని వదిలేసి డబ్బు మిగిల్చే షాపుకు మీ కారు తాళం ఇవ్వకండి.